నాన్న దవడకు కాపలా

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. తలుపుకు గొళ్ళెం పెట్టి పదడుగులు వేశాక వెనక్కి వచ్చి ఇంకోసారి లాగి చూస్తాను. పాలు పోయించుకునేటప్పుడు పాలవంక కాదు, పోసే మనిషి మొహంవంక చూస్తాను. మా ఆయన ఇందుకు నన్ను బతికినంతకాలం ఏడిపించాడు. "నువ్వు పోలీసుల్లో ఉండాల్సిన దానివే" అనేవాడు. ఏడిపిస్తే ఏడిపించనీ, ఆ బుద్ధి వల్ల నేను చాలా చోట్ల మోసపోకుండా బయటపడ్డాను. ఒక్క చోట మాత్రం అది నిలువునా ముంచింది. నన్నొక్కదాన్నే ముంచి ఉంటే ఇప్పుడు చెప్పుకునేదాన్ని కూడా కాదు.

అరవైల మొదట్లో మాట. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మా ఊరు గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డుకు ఒక మైలు లోపల ఉంటుంది. మిరప, పత్తి, కొంచెం పొగాకు వేసేవాళ్ళం. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త, పెళ్ళయిన రెండేళ్ళకే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. నాకు జడ వేసిందీ, అన్నం తినిపించిందీ, బడికి పంపిందీ ఆవిడే. నా పెళ్ళయ్యాక పేటలో పత్తి మిల్లులో పనిచేసే మా ఆయన దగ్గరికి నేను వెళ్ళిపోతే, ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

నాన్న చుట్ట తాగేవాడు. చుట్ట ఆరిపోయాక పొగాకు ముక్క ఎడమ బుగ్గలో పెట్టుకుని పొలం పని చేసుకునేవాడు. అక్కడే పుండు లేచింది. వేడి చేసిందనుకుని మూడు నెలలు మజ్జిగ తాగాడు. అది మానలేదు సరికదా, చెవి దాకా పోటు మొదలైంది. గుంటూరు తీసుకెళ్తే అక్కడి డాక్టరుగారు చిన్న ముక్క కోసి పరీక్షకు పంపి, పది రోజుల తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఎస్సెల్సీ దాకా చదివాను కాబట్టి ఆయన ఇంగ్లీషు సగమైనా నాకు అర్థమవుతుందని నన్ను పిలిచారు. మా ఊళ్ళో దాన్ని రాచపుండు అనేవాళ్ళు. ఆ పేరు వింటే జనం గొంతు తగ్గించేవాళ్ళు.

"కోసి తీసే చోటు కాదు. కరెంటు పెడదాం" అన్నారాయన. అప్పట్లో ఆ ఎక్స్-రే వైద్యాన్ని అందరూ కరెంటు పెట్టడమనే అనేవాళ్ళు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు. "ఆరేడు వారాలు, ఆదివారం తప్ప రోజూ రావాలి. రోగం సంగతి మిషను చూసుకుంటుంది. కానీ ఆ మిషనుకు రోగపు కండేదో మంచి కండేదో తెలియదమ్మా. బుగ్గ లోపలి మెత్తటి పొర, పైచర్మం, దవడ కండరాలు, అన్నీ దెబ్బతింటాయి. వాటిని కాపాడుకోవడం మీ పని. అది సరిగ్గా చేయకపోతే రోగం పోయినా మనిషి నోరు తెరవలేడు. మధ్యలో పుండు పెద్దదైతే కరెంటు ఆపాల్సి వస్తుంది. ఆపితే రోగానికి సందు దొరుకుతుంది."

నేను మా ఆయనకు చెప్పి, నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని పుట్టింటికి వచ్చేశాను. నాన్న దవడకు కాపలా కాయడానికి.

మొదటి అనుమానం పళ్ళ దగ్గర వచ్చింది. కరెంటు మొదలుపెట్టేముందు ఎడమవైపు పళ్ళన్నీ పీకేయాలన్నారు. నాన్న పళ్ళు చెరుకుగడ చీల్చే పళ్ళు. ఒక్కటి కూడా కదల్లేదు. "రోగం బుగ్గకైతే పళ్ళు పీకడమేంటి? నాకేదో చెప్పకుండా చేస్తున్నారు" అని నాన్న మొండికేశాడు. నాకూ అలాగే అనిపించింది. నేను డాక్టరుగారిని ఒకే ప్రశ్న మూడు విధాలుగా అడిగాను. కరెంటు తగిలాక ఎముక మునుపటిలా మానదనీ, తర్వాత ఎప్పుడైనా పన్ను పుచ్చి పీకాల్సి వస్తే ఆ గాయం దవడ ఎముకనే తినేస్తుందనీ, అందుకే ముందే పీకి మాన్పుకోవాలనీ ఆయన రెండుసార్లు ఓపిగ్గా చెప్పారు. మూడోసారి కళ్ళజోడు తీసి, "అమ్మా, మీ ఇంట్లో ఎవరైనా ప్లీడర్లున్నారా?" అన్నారు. నేను ఏమాత్రం సిగ్గుపడలేదు. పళ్ళు పీకించాం. చిగుళ్ళు మానడానికి పది పదిహేను రోజులు ఆగాం.

మిషనంటే నాకు మరీ అనుమానం. చీకటిగదిలో ఒక పెద్ద ఇనప గొట్టం, కింద బల్ల. నాన్న బుగ్గ మీద ఊదారంగు సిరాతో చదరంగా గీతలు గీసి, వాటిని చెరపొద్దని చెప్పి, బల్లమీద పడుకోబెట్టి తలుపు వేసేవాళ్ళు. కాసేపు గుయ్యిమని శబ్దం. బయటికొచ్చిన నాన్నను "ఏమైంది నాన్నా, కాలిందా, గుచ్చుకుందా?" అంటే, "ఏమీ తెలియలా" అనేవాడు. ఏమీ తెలియని వైద్యం ఏం వైద్యం? మొదటి వారమంతా అసలు ఆ గొట్టంలోంచి ఏదైనా వస్తోందా లేదా అని నాకు సందేహమే.

ఊళ్ళోవాళ్ళది ఇంకో రకం. అప్పుడప్పుడే పొలాల్లోకి కరెంటు మోటార్లు వచ్చిన రోజులు. నాన్నను ముట్టుకుంటే షాకు కొడుతుందని కొందరు, రోగం అంటుకుంటుందని కొందరు వాకిట్లోనే నిలబడి పలకరించి పోయేవాళ్ళు. నాన్న ఈడువాడే ఒకాయన చేతికి కండువా చుట్టుకుని మరీ నాన్న భుజం తట్టాడు. "ఒరేయ్, స్విచ్చి ఆపే ఉందిలేరా" అని నాన్న నవ్వాడు. అప్పటికింకా నవ్వగలిగేవాడు.

ఇంట్లో నియమాలు నావి. బుగ్గకు సబ్బు తగలకూడదు, నూనె తగలకూడదు, పసుపు తగలకూడదు. ఎడమవైపు గడ్డం గీయకూడదు. ఎండలోకి వెళ్తే ఆ పక్కకు గొడుగు పట్టాలి. చుట్ట సంగతి చెప్పనక్కర్లేదు, నాన్న చుట్టలన్నీ నా చేత్తోనే పొయ్యిలో వేశాను. కారం లేదు, పులుపు లేదు, వేడి వేడిది లేదు. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పూ తినేసోడా కలిపి గంటకోసారి పుక్కిలించాలి. పొద్దునా సాయంత్రం మాత్రం నేను దగ్గరుండి చేసేది ఒకటుంది. పాత పంచె గుడ్డ మరగబెట్టి, చూపుడువేలికి చుట్టుకుని, సోడానీళ్ళలో ముంచి బుగ్గ లోపల అతుక్కున్న తిండీ జిగురూ మెల్లగా తుడవాలి. ఆ తర్వాత దవడ బిగుసుకుపోకుండా కసరత్తు. గొంతు చూసేటప్పుడు డాక్టర్లు నాలుక మీద అదిమే పలచని చెక్కపుల్లలు బ్రాడీపేటలో మందులషాపులో ఒక కట్ట కొన్నాను. కుడివైపు పళ్ళమధ్య అవి ఒకదానిమీద ఒకటి దూర్చి, నోరు అలా తెరిచి ఉంచి వంద లెక్కపెట్టాలి. మొదట్లో పదిహేను పుల్లలు పట్టేవి. "పదిహేను తగ్గకుండా చూడండి, అదే మీకు కొలత" అన్నారు డాక్టరుగారు. కసరత్తుకు నొప్పి ఉంటుందనీ, జాలిపడి మానొద్దనీ కూడా అన్నారు. నేను జాలిపడే రకం కాదు.

మూడో వారానికి బుగ్గ లోపల ఎర్రబడింది, తెల్లటి మచ్చలు వచ్చాయి. ఇలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. నాలుగో వారంలో మాత్రం పొర లేచిపోయి పచ్చిగా అయింది. పెదవి మూల చీలింది. బయట బొటనవేలంత మేర చర్మం కమిలి రసి కారింది. పుల్లలు పన్నెండుకు దిగాయి. డాక్టరుగారు టార్చి వేసి చాలాసేపు చూసి, "ఇంత కాకూడదే. ఇంట్లో ఏమైనా రాస్తున్నారా?" అన్నారు.

"లేదండీ" అన్నాను. అంటూనే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

నేను రాయలేదు. నాన్న రాసుకోడు. ఇంట్లో ఇంకో మనిషి మా అత్త.

ఆవిడ మొదటి రోజునుంచీ గొణుగుతూనే ఉంది. "కరెంటు ఒంట్లోకి పోతే వేడి కాకేం చేస్తుందే? కాస్త ఆముదం రాస్తే చలవ చేస్తుంది. చుక్క రాస్తే ఏం మునిగిపోతుంది?" అనేది. తిండి విషయంలోనూ అంతే. "ఉప్పూ కారం లేని గంజి తాగి మగమనిషి ఎట్టా నిలబడతాడు?" అని నాన్న వెళ్ళే దారిలో వినపడేలా అనేది. నేను పట్టించుకోనట్టు ఉండి అన్నీ మనసులో రాసుకున్నాను. గమనిస్తే ఇంకో సంగతి తేలింది. పొద్దున నోరు తుడిచేటప్పుడు నాన్న బాగానే ఓర్చుకుంటున్నాడు. సాయంత్రం తుడిచేటప్పుడే కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఏమిటి? పొద్దున జావ పట్టేది నేను. సాయంత్రం పట్టేది అత్త.

ఇంకేం కావాలి? ఆ జావలో ఏదో కలుపుతోందనుకున్నాను. ఆవిడకు తెలియకుండా గిన్నె తీసి రుచి చూశాను. ఏమీ తెలియలేదు. కానీ మా వైపు నాలుకలకు చిటికెడు కారం అసలు కారంగానే తెలియదు. అందుకని నా నాలుకనే నమ్మలేదు. కారం జాడీ మూతమీద ఒక ధాన్యపు గింజ పెట్టి ఉంచాను, మూత తీస్తే అది పడిపోతుందని. రెండో రోజు గింజ లేదు. కూరలో వేసుకోవడానికి ఆవిడ మూత తీయకుండా ఎలా ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా వినేదాన్ని కాదు.

మర్నాడు నాన్న కండువాకు ఆముదం మరక కనిపించింది. ముక్కుకు పెట్టుకుని చూశాను, ఆముదమే. కండువా పట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డాను.

"ఇదేంటత్తా?"

అత్త చూసి, "రాత్రి మీ నాన్న కాళ్ళు మంటలంటే అరికాళ్ళకు రాశానే. చెయ్యి తుడుచుకుని ఉంటా" అంది.

"అరికాళ్ళకు రాసింది మొహం తుడుచుకునే కండువాకు ఎట్టా వచ్చింది?"

"చెప్పాను గదే, చెయ్యి..."

"జావలో ఏం కలుపుతున్నావు?"

ఆవిడకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చేతిలో గరిట అలాగే ఉంది. "నేనా?" అంది. "మా అన్నకా?"

నేను అక్కడ ఆగవలసింది. ఆగలేదు. డాక్టరు అనుమానపడ్డాడని, నువ్వు చేసేది బయటపడిందని, నీ ఆముదం నాన్న బుగ్గను తినేస్తోందని, నీకు నీ మాట నెగ్గడమే కావాలి గానీ ఆయన ప్రాణం కాదని అన్నాను. ఆ ఆఖరి మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి. నాన్న వసారాలో కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడు. "అమ్మాయ్" అని ఒకసారి పిలిచాడు. నోరు పుండుగా ఉండి ఇంకేమీ అనలేకపోయాడు. అత్త గరిట కడిగి బోర్లించి, రెండు చీరలు మూటగట్టుకుని, పెదకాకానిలో ఉన్న దూరపు చుట్టాల ఇంటికి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. వెళ్తూ నాతో, "సోడా డబ్బా కింద అరలో ఉంది" అని మాత్రం అంది.

పీడ వదిలిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఇక ఇంటిపనీ నాదే, గుంటూరు ప్రయాణమూ నాదే, కళ్ళంలో మిరపకాయల పనీ నాదే. కాయ ఎండిపోయి ఉంది. తెల్లబారిన తాలుకాయలు ఏరి, మంచికాయ వేరు చేసి, బస్తాలకెత్తించాలి. అంతకుముందు గుంటూరు నుంచి రాగానే మధ్యాహ్నాలు వెళ్ళి కూలివాళ్ళతో కూర్చుని ఏరేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత వెళ్ళాల్సి వచ్చింది. ఇంటికి రాగానే కుంకుడు రసంతో చేతులు మోచేతుల దాకా తోముకుని కడుక్కుని, అప్పుడు నాన్న దగ్గర కూర్చునేదాన్ని. ఆ విషయంలో నేను చాలా జాగ్రత్త మనిషిని.

అత్త వెళ్ళిపోయాక నాన్న నోరు బాగుపడాలి. బాగుపడలేదు. ఇప్పుడు పొద్దున కూడా కళ్ళవెంట నీళ్ళు కారడం మొదలైంది. నేను గుడ్డ వేలికి చుట్టుకుంటుంటేనే ఆయన బల్లకోడు పట్టుకునేవాడు. పుల్లలు పన్నెండునుంచి పది, పదినుంచి ఎనిమిది. అత్త రాసిన ఆముదం లోపలికి ఇంకిపోయి ఇప్పుడు పనిచేస్తోందని నాకు నేను చెప్పుకున్నాను. దొంగ దొరికాక కూడా దొంగతనం జరుగుతూనే ఉంటే, దొరికింది దొంగ కాదేమోనని ఎవరికైనా తోస్తుంది. నాకు తోచలేదు.

ఆ వారం చివర డాక్టరుగారు టార్చి ఆర్పేసి, "ఇంకో రెండు రోజులు చూస్తాను. ఇలాగే ఉంటే ఆపేస్తాను" అన్నారు. సగంలో ఆపితే ఏమవుతుందో ఆయన మొదటిరోజే చెప్పారు.

అక్కడ తలనెరిసిన నర్సమ్మ ఒకామె ఉండేది. మాట కరుకు. నేను అందరివంకా ఎలా చూస్తానో ఆమె నావంక అలాగే చూసేది. డాక్టరుగారు వెళ్ళాక ఆమె గిన్నెలో సోడానీళ్ళు పోసి నా ముందు పెట్టి, "ఇంట్లో ఎట్లా తుడుస్తావో అట్లాగే తుడువు. నేను చూస్తా" అంది.

నన్నే అనుమానిస్తోందని ఒళ్ళు మండింది. చేసి చూపిద్దామనే కూర్చున్నాను. ఆ పొద్దున లారీ వస్తుందని తెల్లవారకముందే కళ్ళంలోకి వెళ్ళి, పని చూసుకుని, చేతులు తోముకుని బస్సెక్కాను. గుడ్డ వేలికి చుట్టి, నీళ్ళలో పిండి, బొటనవేలితో పెదవి మూల పట్టుకుని, బుగ్గ లోపల తుడిచాను. నాన్న మెడనరాలు బిగుసుకున్నాయి. కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు కారాయి.

నర్సమ్మ నా మణికట్టు పట్టుకుంది. నా వేళ్ళు తన ముక్కుదాకా ఎత్తింది.

"ఏం పని చేస్తావు నువ్వు?"

"మాకు మిరప..." అన్నాను.

"ఈ వేలు నీ కంటికి పెట్టుకో."

"కడుక్కున్నానండీ. కుంకుడు..."

"కడుక్కున్నావుగా, పెట్టుకో."

పెట్టుకోబోయి చెయ్యి గాలిలో ఆగిపోయింది. మిరప రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ వేళ్ళతో కన్ను తుడుచుకోరు. దుమ్ము పడినా, చెమట పట్టినా భుజం ఎత్తి జాకెట్టు చేతికి తుడుచుకుంటాం. పసిపిల్లలను ఎత్తుకున్నా వేళ్ళు దూరంగా పెట్టి ముంజేతులతోనే ఎత్తుకుంటాం. ఎవరూ చెప్పక్కర్లేదు, ఒంటికి అలవాటైపోయింది. చిన్నప్పటినుంచీ కాయల్లో మునిగిన చేతులు కావడంతో నా చర్మానికి మంటన్నది ఎప్పుడో తెలియకుండా పోయింది. మండలేదు కాబట్టి శుభ్రంగా ఉన్నాయనుకున్నాను. నా కంటికి పెట్టుకోవడానికి భయపడే వేలిని, నాలుగు వారాలుగా నాన్న పచ్చిపుండులో పెడుతున్నాను.

అయినా పెట్టుకున్నాను. నిప్పు పడ్డట్టయింది. రెండో కన్ను కూడా మూసుకుపోయింది. నర్సమ్మ నీళ్ళు కొడుతూ, "మిరప ఘాటు నీళ్ళకు పోదమ్మా. గోళ్ళసందుల్లో రోజులతరబడి ఉంటుంది. మీ ఊళ్ళవాళ్ళకు ఇది నేను చెప్పాలా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

బస్టాండులో బల్లమీద కూర్చున్నాక నాన్నను అడిగాను. "నీకు తెలియలేదా నాన్నా, అది మిరప మంటని?"

నాన్న మాట అప్పటికి ముద్దముద్దగా, ముక్కలుగా వచ్చేది. "మొదట్లో కరెంటే అనుకున్నా" అన్నాడు. "తర్వాత తెలిసింది. నలభై ఏళ్ళు పండించా."

"మరి చెప్పలేదేం?"

"అప్పటికే మీ అత్తను పంపేశావు. చెబితే నువ్వూ చెయ్యి తీసేస్తావు. ఇంకెవరున్నారే చెయ్యడానికి?"

నేను జనం మధ్య గట్టిగా ఏడ్చాను. సిగ్గుపడలేదు. నాన్న నా తలమీద చెయ్యి పెట్టి, బస్సు వచ్చేదాకా తీయలేదు.

డాక్టరుగారు కరెంటు పది రోజులు ఆపారు. ఆ పది రోజులూ నేను ఒక మిరపకాయ ముట్టుకోలేదు. సరుకు బేరగాళ్ళకు వదిలేశాను, వాళ్ళు తాలూ మంచీ కలిపేస్తారని తెలిసి కూడా. అయినా నాన్న నోట్లో నా వేలు పెట్టే ధైర్యం మళ్ళీ రాలేదు. పుల్లలు దూర్చబోయి సగంలోనే చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. అది చూసి ఆయన నోరు మూసేసుకునేవాడు. ఆరు పుల్లలకు దిగింది. ఇంకా తగ్గితే చెంచా కూడా పట్టదు.

మూడో రోజు పెదకాకాని వెళ్ళాను. అత్త చుట్టాల దొడ్లో గేదెలకు గడ్డి వేస్తోంది. నన్ను చూసి గడ్డి వేయడం ఆపలేదు.

"ఎట్టా ఉన్నాడు?" అంది.

"తప్పు నాది అత్తా. ఆముదమూ కాదు, జావా కాదు. నా చేతులు. మిరప చేతులతో తుడిచాను."

ఆవిడ వీపు నావైపే ఉంది. ఇంకో పిడికెడు గడ్డి వేసి, "నోరు తెరుస్తున్నాడా?" అంది.

"ఆరు పుల్లలు."

గడ్డిమోపు కింద పడేసి, లోపలికి వెళ్ళి మూట తెచ్చుకుంది. నేను దారిపొడవునా క్షమించమనే మాట ఎన్ని రకాలుగానో అన్నాను. ఆవిడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఇంట్లో మజ్జిగ ఉందా?" అని మాత్రం అడిగింది.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. పుండు మానుతూ వచ్చింది, కరెంటు మళ్ళీ పెట్టారు, పూర్తయింది. రోగం తిరిగి రాలేదు. కానీ బుగ్గ లోపల మచ్చ కట్టి తాడులా బిగుసుకుపోయింది. అత్త రోజుకు రెండుసార్లు చొప్పున ఏడాదిపాటు కసరత్తు చేయించినా పది పుల్లలు దాటలేదు. నాన్న ఇంకా ఎనిమిదేళ్ళు బతికాడు. మెత్తగా పిసికిన పప్పన్నమూ జావా తప్ప ఇంకేమీ తినలేకపోయాడు. ఎంతవరకు కరెంటు చేసిందో, ఎంతవరకు నేను చేశానో డాక్టరుగారిని అడిగాను. "అది విడదీసి చెప్పలేమమ్మా" అన్నారాయన. ఈసారి రెండో ప్రశ్న వేయలేదు.

అత్త వచ్చిన రోజు సాయంత్రం ఇంకా వెలుగు ఉంది. ఆవిడ మా వంటింట్లో అడుగుపెట్టి అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయా అని చూసుకుంది. సబ్బుతో చేతులు కడిగింది. గోళ్ళు కత్తిరించుకుంది. మజ్జిగలో చేతులు ముంచి కాసేపు ఉంచి మళ్ళీ కడిగింది. మరగబెట్టిన గుడ్డ తీసుకుని నాన్న ఎదుట పీట వేసుకుని కూర్చుంది. నాన్న ఆవిడను చూసి, నేను అడిగితే తెరవని నోరు తెరిచాడు.

ఆవిడ వెంటనే ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ నావైపు తిరిగి రెండు చేతులూ చాపింది.

"చూసుకో."

"వద్దత్తా. ఇంకెప్పుడూ..."

"చూడవే. చూడకపోతే నువ్వు ఉండలేవు. నాకు తెలియదా?"

వంగి చూశాను. అరచేతులు చూశాను, గోళ్ళసందులు చూశాను. నాన్న చూస్తుండగానే చూశాను. అప్పటినుంచి కరెంటు అయిపోయేదాకా పొద్దునా సాయంత్రం ఆవిడ అలాగే చేతులు చాపేది, విసుగు లేకుండా, కోపం లేకుండా. ఒక్కరోజైనా తల పక్కకు తిప్పుకుని ఉంటే నేను మనిషినై ఉండేదాన్ని. ప్రతిసారీ చూశాను.